కతీడ్రల్‌లో కుర్చీ ఎవరిది?



కతీడ్రల్ అనే మాట మన విచారణల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గురుపట్టాభిషేకానికో, పవిత్ర వారంలో తైలాల ఆశీర్వాదపు పూజకో బస్సు కట్టించుకుని వెళ్ళి చూసి వచ్చినవారే మీలో చాలామంది. అయితే కతీడ్రల్ అంటే ఏమిటని అడిగితే "పెద్ద గుడి ఫాదర్!" అని జవాబు వస్తుంది. పెద్దదనానికీ ఆ మాటకూ సంబంధం లేదు. గ్రీకులోనూ లతీనులోనూ 'కతేద్ర' అంటే కుర్చీ. పీఠాధిపతి కూర్చుని బోధించే ఆసనం ఏ గుడిలో ఉంటే అది కతీడ్రల్. ఆకాశాన్నంటే గోపురం ఉన్నా ఆ కుర్చీ లేకపోతే అది కతీడ్రల్ కాదు. తాటాకు కప్పిన పాకలో ఆ కుర్చీ ఉంటే అది కతీడ్రలే. మనం వాడే 'పీఠాధిపతి' అన్న మాటలో పీఠమూ, 'మేత్రాసనం' అన్న మాటలో ఆసనమూ ఉండనే ఉన్నాయి.

ఇంత చిన్న సంగతి ఎందుకు ఎత్తుకున్నానంటే, గుడి కానే కాని ఒక కట్టడాన్ని లోకం వంద సంవత్సరాలకు పైగా కతీడ్రల్ అనే పిలుస్తోంది. న్యూయార్క్ నగరంలో, బ్రాడ్వే వీధిలో, 233వ నంబరున ఉన్న వుల్వర్త్ భవనమది. 1913లో తెరిచిన నాటికి ప్రపంచంలోకెల్లా ఎత్తయిన భవనం. 792 అడుగులు. దానికి 'వాణిజ్యపు కతీడ్రల్' అన్న పేరును ప్రచారంలోకి తెచ్చినవాడు వ్యాపారి కాదు, ఒక పాదిరిగారు. బ్రూక్లిన్‌లో కాంగ్రిగేషనల్ సంఘానికి కాపరిగా ఉన్న రెవరెండ్ పార్క్స్ కాడ్మన్. రాత్రివేళ విద్యుద్దీపాల కాంతిలో ఆ భవనాన్ని చూసి కన్నీటికి కూడా అందని భావోద్రేకం కలిగిందని ఆయన రాశాడు. 1916లో ఆ భవనం గురించి అచ్చయిన పుస్తకానికి అదే పేరు పెట్టి, ఆయన చేతే ముందుమాట రాయించారు.

ఒక అంగడికి కతీడ్రల్ అని పేరు పెట్టవచ్చునా? వెంటనే కోపం తెచ్చుకోకండి. బాబెలు గోపురం కథ కూడా వెంటనే తీయకండి. పొడుగాటి కట్టడం కనబడగానే బాబెలు మీద ప్రసంగం చేయడం మా గురువులకు చాలా తేలిక. తేలికైన ప్రసంగాన్ని నేను నమ్మను. ముందు ఆ భవనం కథ తెలుసుకుందాం. కుర్చీ సంగతి తరువాత చూద్దాం.

ఫ్రాంక్ వుల్వర్త్ 1852లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక పల్లెలో రైతు కుటుంబంలో పుట్టాడు. పొలం పని రుచించక పట్నంలో ఒక బట్టల కొట్లో చేరాడు. మొదటి మూడు నెలలూ జీతం లేదు, పని నేర్చుకోవడమే. 1879లో యూటికా అనే ఊళ్ళో సొంతంగా కొట్టు పెట్టాడు. అందులో ఏ వస్తువైనా అయిదు సెంట్లే. కొద్ది నెలల్లోనే అది మూతబడింది. అదే సంవత్సరం పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో మళ్ళీ పెట్టాడు. ఈసారి నిలబడింది. తరువాత పది సెంట్ల వస్తువులు కూడా చేర్చాడు. 1912లో తనవీ, తన తోటి వ్యాపారులవీ కొట్లన్నీ కలిపి ఒకే కంపెనీ చేసేనాటికి వాటి సంఖ్య 596.

ఆ కొట్లలోని విశేషం చౌకదనం ఒక్కటే కాదు. అంతకు ముందు సరుకు అంతా కొట్టువాడి వెనక అరల్లో ఉండేది. కావలసినది అడగాలి, అతడు తీసి చూపాలి, ధర చెప్పాలి, బేరం నడవాలి. పేదవాడికి ఆ అడగడంలోనే సగం సిగ్గు. వుల్వర్త్ సరుకును బల్లల మీద పరిచి, ధర రాసి పెట్టాడు. ఎవరైనా వచ్చి చేత్తో పట్టుకుని చూడవచ్చు, నచ్చకపోతే పెట్టేసి పోవచ్చు. దొరకూ కూలికీ ఒకే ధర. పండుగనాడు పిల్లవాడికి బొమ్మ కొనిపెట్టలేని తల్లి ఆ కొట్లోకి తలెత్తుకుని వెళ్ళగలిగింది. ఇది చిన్న మేలు కాదు. వ్యాపారమంతా పాపమేనన్నట్లు మాట్లాడేవారు ఈ సంగతిని కూడా లెక్కలో వేయాలి.

ఇక ఎత్తు సంగతి. న్యూయార్క్ నగరంలో చాలాకాలం పాటు అన్నిటికన్నా ఎత్తయినది గుడి గోపురమే. 1846లో పూర్తయిన ట్రినిటీ చర్చి శిఖరం ఎత్తు 281 అడుగులు. ఓడలో వచ్చేవారికి మొదట కనబడేది అదే. 1890లో ఒక వార్తాపత్రిక కార్యాలయం దాన్ని దాటిపోయింది. జోసెఫ్ పులిట్జర్ కట్టించిన ఆ భవనం గుమ్మటంతో కలిపి 309 అడుగులు. లిఫ్టులు వచ్చాయి గనుక మెట్లెక్కే శ్రమ పోయింది. గోడల మీద కాక ఉక్కు చట్రం మీద భవనాన్ని నిలబెట్టే పద్ధతి వచ్చింది గనుక పైకి పోయేకొద్దీ కింది గోడలను కోటగోడల్లా మందం చేయవలసిన అవసరం పోయింది. ఆ తరువాత ఇరవై ఏళ్ళు కంపెనీల మధ్య పోటీ. 1908లో సింగర్ కుట్టుమిషన్ల కంపెనీవారి భవనం 612 అడుగులు. 1909లో మెట్రోపాలిటన్ జీవిత బీమా కంపెనీవారి గోపురం 700 అడుగులు.

వుల్వర్త్ యూరప్ వెళ్ళినప్పుడు అక్కడివారు సింగర్ భవనం గురించే అడిగేవారనీ, ఎత్తయిన భవనం ఎంత గొప్ప ప్రకటనో ఆయనకు అప్పుడే తట్టిందనీ చెబుతారు. వాస్తుశిల్పి కాస్ గిల్బర్ట్‌ను పిలిచాడు. మొదట అనుకున్నది మామూలు ఎత్తే. గీసిన ప్రతి నమూనాతో అది పెరిగింది. బీమా కంపెనీ గోపురాన్ని మించాలని తేలిన తరువాత 750 అడుగులకు, చివరికి 792కు చేరింది. అంత ఖర్చుకు అద్దెలు గిట్టుబాటు కావు కదా అన్న సందేహం భవనం కట్టిన కంపెనీ అధిపతి లూయీ హొరోవిట్జ్‌కు కలిగింది. ఇది తన కొట్లకు లోకమంతా చూసే పెద్ద సైన్‌బోర్డు అవుతుందని వుల్వర్త్ జవాబు.

ఖర్చు 1 కోటి 35 లక్షల డాలర్లు. అప్పు లేకుండా, తాకట్టు లేకుండా సొంత డబ్బుతో చెల్లించాడని ప్రసిద్ధి. అయిదు సెంట్ల నాణేలలో లెక్కవేస్తే 27 కోట్ల నాణేలు! మన గుళ్ళలో పండుగ మరునాడు కానుకల పెట్టె తెరిచి చిల్లర లెక్కపెట్టే పెద్దలు ఈ అంకెను ఒక్క క్షణం ఊహించుకోవాలి.

కట్టడం ఎలా సాగిందో కూడా చెప్పాలి, ఎందుకంటే పైనున్న శిఖరాన్ని అందరూ చూస్తారు, పునాదిని ఎవరూ చూడరు. అక్కడి నేల పైపొరల్లో నీళ్ళూ ఇసుకా బురదా. గట్టి రాయి తగలాలంటే వంద అడుగులకు పైగా దిగాలి. అడుగు తెరిచి ఉన్న పెద్ద పెద్ద పెట్టెల వంటివి నేలలోకి దింపి, నీళ్ళు లోపలికి రాకుండా వాటిలో గాలిని గట్టిగా ఒత్తి నింపి, ఆ ఒత్తిడిలో మనుషులు నిలబడి మట్టి తవ్వారు. అలాంటి 69 గుంటలను రాతిదాకా దింపి కాంక్రీటుతో నింపారు. ఒత్తిడి గాలిలో పనిచేసి పైకి త్వరగా వస్తే కీళ్ళు పట్టేసి, ఒక్కొక్కసారి ప్రాణమే పోయే జబ్బు ఆ పనివారందరికీ తెలిసినదే. ఆ గుంటల మీద 24,000 టన్నుల ఉక్కు లేచింది. గాలికి ఊగకుండా ఆ చట్రాన్ని లెక్కగట్టినవాడు నార్వే నుండి వచ్చిన గున్‌వాల్డ్ ఔస్ అనే ఇంజనీరు.

ఉక్కు మీద కప్పిన తొడుగు కాల్చిన మట్టి పలకలది. మీగడ రంగు. నగిషీల వెనక నీలం, ఆకుపచ్చ, పసుపు రంగులు కలిపారు, ఎందుకంటే నాలుగైదు వందల అడుగుల ఎత్తున ఉన్న నగిషీ రంగు తేడా లేకపోతే కింది మనిషి కంటికి ఆనదు. శైలి గోతిక్. మెదక్ చర్చిని చూసినవారికి ఆ శైలిని వర్ణించనక్కర లేదు. మొనదేలిన ఆర్చీలు, పైకి పైకి లాక్కుపోయే సన్నని నిలువు గీతలు, చివర శిఖరాలు.

ఇక్కడే మా సెమినరీ తత్వశాస్త్రం తరగతుల్లో వాదించుకోదగ్గ ప్రశ్న ఒకటి ఉంది. మధ్యయుగాల గోతిక్ గుడిలో ఆర్చీ అలంకారం కాదు. అది పైకప్పు బరువును మోసి స్తంభానికి అందిస్తుంది. అక్కడ రాయి చేసే పనే దాని అందం. వుల్వర్త్ భవనంలో ఆర్చీ ఏ బరువూ మోయదు. మోసేది లోపలి ఉక్కు. ఆర్చీ దానికి తగిలించిన చొక్కా. అలాంటప్పుడు ఇది అబద్ధం కాదా? అబద్ధమేనని తరువాతి తరం వాస్తుశిల్పులు చాలామంది తీర్పు చెప్పారు. వారి తీర్పుతో నేను ఏకీభవించను. ఆ నిలువు గీతలు లోపలి ఉక్కు స్తంభాలు నడిచిన దారినే నడుస్తాయి. భవనం ఎత్తయినది, గీతలు కూడా ఎత్తునే చెబుతున్నాయి. ఇందులో మోసమేముంది? బలిపూజ చేసేటప్పుడు నేను వేసుకునే పూజావస్త్రం నా ఎముకలను మోయదు. అయినా అది అబద్ధం కాదు. నేను ఏ పని మీద నిలబడ్డానో చూసేవారికి చెబుతుంది. బట్ట అబద్ధమాడదు, వేసుకున్నవాడు ఆడితే తప్ప.

కనుక ప్రశ్న బట్ట గురించి కాదు. వేసుకున్నది ఎవరు, ఏ పని మీద నిలబడ్డారు అన్నదే ప్రశ్న.

గిల్బర్ట్‌కు కతీడ్రల్ అన్న పేరు అంతగా నచ్చలేదు. తన మనసులో ఉన్నవి గుళ్ళు కావనీ, ఉత్తర యూరప్‌లో, ముఖ్యంగా ఫ్లాండర్స్ ప్రాంతంలో వర్తకులు కట్టుకున్న గోతిక్ నగర మందిరాలనీ ఆయన చెప్పేవాడు. వుల్వర్త్‌కు నచ్చిన నమూనా లండన్ పార్లమెంటు భవనపు విక్టోరియా గోపురం. ఆకాశహర్మ్యం అంటే ఏమిటో గిల్బర్ట్ అంతకు చాలా ముందే, 1900లోనే నిర్వచించాడు. భూమి చేత డబ్బు రాబట్టే యంత్రమని. గుడి అన్నది పాదిరిగారు, యంత్రమన్నది శిల్పి! ఇద్దరిలో శిల్పి మాటే నాకు నిజాయితీగా కనబడుతుంది.

అయితే లోపలికి అడుగుపెట్టినవారికి పాదిరిగారి మాట గుర్తుకు రాక తప్పదు. ముందు హాలు సిలువ ఆకారంలో ఉంటుంది. గోడలకు గ్రీసు దేశపు స్కైరోస్ ద్వీపం నుండి తెచ్చిన పాలరాయి. వంపు తిరిగిన పైకప్పు నిండా బంగారు, నీలి రంగుల గాజు ముక్కల మొజాయిక్కు. ఇటలీలో రవెన్నా నగరపు తొలి క్రైస్తవ కట్టడాల పోలిక అది. పైన, గుడిలోనయితే పునీతుల చిత్రాలు ఉండవలసిన చోట, రెండు చిత్రాలున్నాయి. ఒకటి 'శ్రమ', ఇంకొకటి 'వాణిజ్యం'. ఇద్దరు రాణుల్లా కూర్చుని ఉంటారు.

దూలాల కింద చిన్న చిన్న బొమ్మలున్నాయి. చూసినవారికి నవ్వు వస్తుంది. గిల్బర్ట్ భవనం నమూనాను చంటిపిల్లలా ఎత్తుకుని కళ్ళద్దాల్లోంచి చూస్తూ ఉంటాడు. ఔస్ ఉక్కు దూలాన్ని కొలుస్తూ ఉంటాడు. హొరోవిట్జ్ టెలిఫోనులో మాట్లాడుతూ ఉంటాడు. వుల్వర్త్ నాణేలు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. పాతకాలపు గుళ్ళలో కూడా దాతల బొమ్మలు చెక్కేవారు, అయితే మోకాళ్ళ మీద చెక్కేవారు. ఇక్కడ ఎవరూ మోకరించలేదు. తమను చూసి తామే నవ్వుకున్నారు కనుక నాకు వీరి మీద కోపం రాదు. తనను తాను నవ్వుకోగలిగిన ధనవంతుడికి ఇంకా ఆశ ఉంది.

మన గుళ్ళు మాత్రం పైనుంచి ఊడిపడ్డాయా? ఫ్రాన్సులోని షార్త్ర్ కతీడ్రల్ గాజు కిటికీలలో రొట్టెలు కాల్చేవారు, తోలు వ్యాపారులు తమ తమ పనుల్లో కనబడతారు. బోవేలో అందరికన్నా ఎత్తు కట్టాలన్న పట్టుదలతో లేపిన పైకప్పు 1284లో కూలింది. అక్కడే మూడు వందల ఏళ్ళ తరువాత కట్టిన మహా గోపురం 1573లో కూలింది. రెయిమ్స్‌లో 1233లో పట్టణ ప్రజలు అగ్రపీఠాధిపతి మీద తిరుగుబాటు చేస్తే గుడిపని కొన్నేళ్ళు ఆగిపోయింది. ఎత్తు మీద ఆశ, పేరు మీద ఆశ, పేదల నుండి గట్టిగా రాబట్టడం ఇవేవీ వ్యాపారులు కనిపెట్టినవి కావు.

అందుచేత గొప్పగా కట్టడం తప్పు అని నేను అనను. పునీత తోమా అక్వీనాసువారు గొప్ప పనికి గొప్పగా ఖర్చు పెట్టడాన్ని ఒక సుగుణంగానే చెప్పారు. అరిస్టాటిల్ దగ్గర నుండి తీసుకున్న ఆలోచన అది. పిసినారితనం దానికి ఒకవైపు లోపం, అవసరం మించి తగలేయడం ఇంకొకవైపు లోపం. పనికీ ఖర్చుకూ పొంతన కుదరాలి. పేదవాడికి కూడా ఈ గుణం ఉండవచ్చునని అక్వీనాసువారి మాట, ఎందుకంటే సుగుణం ముందు మనసులోని నిర్ణయంలో ఉంటుంది, సంచిలో కాదు. అయితే ఏ పనీ తనలోనే ఆగిపోదు, ఒక గమ్యం వైపు సాగుతుంది. ఎంత గొప్ప పని అన్నది దాని గమ్యం ఎంత గొప్పది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

వుల్వర్త్ భవనాన్ని ఈ కొలతతో కొలిస్తే సగం పాస్, సగం ఫెయిల్ అంటాను నేను. డబ్బు దాచుకోకుండా మంచి శిల్పికి, మంచి పనివారికి అప్పగించి, వీధిన పోయే ప్రతివాడూ చూడదగ్గ అందాన్ని నిలబెట్టడం పిసినారి చేసే పని కాదు. 1913 ఏప్రిల్ 24న, వాషింగ్టన్‌లో అధ్యక్షుడు విల్సన్ మీట నొక్కగా ఆ భవనంలో 80,000 దీపాలు వెలిగాయి. ఆ రాత్రి 27వ అంతస్తులో జరిగిన విందు యజమాని గౌరవార్థం కాదు, శిల్పి గిల్బర్ట్ గౌరవార్థం. అది నాకు నచ్చింది. గమ్యం దగ్గరకు వచ్చేసరికి మాత్రం సైన్‌బోర్డు అడ్డం వస్తుంది. బాబెలు కథలో కూడా అసలు చిక్కు ఎత్తు కాదు, తమకొక పేరు సంపాదించుకోవాలన్న ఆ మాటే.

ఇప్పుడు కుర్చీ దగ్గరకు వద్దాం.

ఈ కతీడ్రల్‌లో కుర్చీ 24వ అంతస్తులో ఉండేది. వుల్వర్త్ స్వంత కార్యాలయమది. ఫ్రాన్సు చక్రవర్తి నెపోలియన్ కొంపియేన్ రాజభవనంలోని గదిని పోలేటట్లు దాన్ని అలంకరించుకున్నాడు. చుట్టూ పాలరాయి, నెపోలియన్ ప్రతిమ, పట్టాభిషేక వస్త్రాల్లో ఉన్న నెపోలియన్ చిత్రపటం. పల్లెటూరి రైతు కొడుకు, మూడు నెలలు జీతం లేకుండా కొట్లో నిలబడినవాడు, చక్రవర్తి గదిలో కూర్చున్నాడు. మనిషి మనసు ఎంత విచిత్రమైనదో చూడండి. తాను ఎక్కడి నుండి వచ్చాడో ఆ గదిలో ఒక్క వస్తువూ చెప్పదు.

మరి ఆ నాణేలను గల్లాపెట్టెలో వేసిన అమ్మాయిల కుర్చీ ఎక్కడ? ఆ కొట్లలో అమ్మేవారు ఎక్కువగా పదహారు, పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ ఆడపిల్లలు. చవక సరుకు అమ్మాలంటే చవక జీతాల మనుషులే ఉండాలని వుల్వర్త్ తన మేనేజర్లకు రాసిన ఉత్తరాల్లో దాపరికం లేకుండా చెప్పాడు. అనుభవం వచ్చి ఎక్కువ అడిగితే మానిపించి, కొత్తవారిని పెట్టుకోవచ్చునన్న ధోరణి. దుకాణాల్లో రోజంతా నిలబడి పనిచేసే స్త్రీలకు కూర్చునే ఆసనాలు ఇవ్వాలని ఆ కాలంలో అమెరికాలోని పలు రాష్ట్రాలు చట్టాలు చేయవలసి వచ్చింది. చట్టం చేసి ఇప్పించవలసిన వస్తువా కుర్చీ? పదమూడవ సింహరాయలు పోపుగారు 'రేరుం నోవారుం' అనే విశ్వలేఖ రాసినది 1891లో, సరిగ్గా ఆ కొట్లు పెరుగుతున్న రోజుల్లోనే. పనివాడు ఒప్పుకున్నాడు కదా అని ఎంత తక్కువయినా ఇవ్వవచ్చునన్న వాదాన్ని ఆయన అందులో తోసిపుచ్చారు. ఒప్పందం కన్నా ముందుది సహజ న్యాయం, పొదుపుగా బతికే పనివాడి పోషణకు చాలనంత తక్కువ జీతం న్యాయమైన జీతం కాదు అన్నది ఆ లేఖ బోధ.

"మరి ధర పెంచితే పేద తల్లి బొమ్మ ఎలా కొంటుంది ఫాదర్?" అని మీలో వ్యాపారం చేసేవారు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నేను దాన్ని తప్పించుకోను. అయిదు సెంట్లు ధర మారకుండా ఉండాలంటే ఎక్కడో ఒకచోట తగ్గాలి. అయితే ఎక్కడ తగ్గాలి అన్నది ప్రకృతి నియమం కాదు, ఒక మనిషి చేసే ఎంపిక. అమ్మాయి జీతంలో తగ్గవచ్చు, యజమాని లాభంలో తగ్గవచ్చు, 792 అడుగుల్లో కొన్ని అడుగులు తగ్గవచ్చు. 1 కోటి 35 లక్షల డాలర్ల సైన్‌బోర్డు కట్టగలిగిన వ్యాపారం, జీతం పెంచితే మునిగిపోతామని చెబితే నమ్మడం కష్టం. పేద తల్లిని చూపించి పేద కూతురికి తక్కువ ఇవ్వడం చాలా పాత ఉపాయం. మన ఊళ్ళలోనూ బట్టల షాపుల్లో రోజంతా నిలబడి చీరలు విప్పి చూపే ఆడపిల్లలున్నారు. మన ఇళ్ళలో వంటగది నేల మీద కూర్చుని తినే పనిమనుషులున్నారు. ఈ మాట ఇక్కడితో వదిలేస్తున్నాను.

వుల్వర్త్ ఆ చక్రవర్తి గదిలో ఎక్కువ కాలం కూర్చోలేదు. 1919 ఏప్రిల్‌లో చనిపోయాడు. కంపెనీ నడిచింది. 1937 ఫిబ్రవరి 27న డెట్రాయిట్ నగరంలోని వుల్వర్త్ కొట్లో వంద మందికి పైగా అమ్మాయిలు పని ఆపి కూర్చున్నారు. బయటకు పోలేదు, కేకలు పెట్టలేదు. కొట్లోనే వండుకున్నారు, కొట్లోనే పడుకున్నారు. ఏడు రోజులు. చివరికి కంపెనీ దిగివచ్చింది. గంటకు పెరిగిన జీతం ఎంతో తెలుసా? అయిదు సెంట్లు.

ఇంకొక కూర్చోవడం ఉంది. అది ఇంకా పెద్దది. వుల్వర్త్ కొట్లలో చాలావాటిలో భోజనాల కౌంటరు ఉండేది. వరుసగా గుండ్రటి స్టూళ్ళు వేసి, కాఫీ, చిరుతిండ్లు అమ్మేవారు. దక్షిణాది రాష్ట్రాలలో నల్లజాతివారు అదే కొట్లో దువ్వెన కొనవచ్చు, పలక కొనవచ్చు, టూత్‌పేస్టు కొనవచ్చు. వారి నాణెం రంగు ఎవరూ చూసేవారు కాదు. కాని ఆ స్టూలు మీద కూర్చుని కాఫీ తాగడానికి వీల్లేదు. అందరికీ ఒకే ధర అని మొదట చెప్పానే, ఆ గొప్ప సూత్రం స్టూలు దగ్గర ఆగిపోయింది.

1960 ఫిబ్రవరి 1న ఉత్తర కరోలినా రాష్ట్రంలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు ఆ కొట్టుకు వెళ్ళారు. ఎజెల్ బ్లెయిర్, డేవిడ్ రిచ్‌మండ్, ఫ్రాంక్లిన్ మెకేన్, జోసెఫ్ మెక్‌నీల్ వారి పేర్లు. ముందు కొన్ని చిన్న వస్తువులు కొన్నారు. తరువాత వెళ్ళి భోజనాల కౌంటరు దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వమన్నారు. కొట్టు మూసేదాకా అలాగే కూర్చున్నారు. మరునాడు ఇంకొందరిని తీసుకుని మళ్ళీ వచ్చారు. రోజురోజుకూ పెరిగి వందల మంది అయ్యారు. ఇతర ఊళ్ళకు పాకింది. వారి వాదం ఎంత సూటిగా ఉందో చూడండి. ఆ బల్ల దగ్గర నా నాణెం తీసుకున్నావు, ఈ బల్ల దగ్గర నన్ను ఎందుకు తీసుకోవు? నాణెం మంచిదైతే మనిషి మంచివాడు కాకుండా ఎలా పోతాడు? తర్కశాస్త్రం తరగతిలో ఇంతకన్నా బిగువైన వాదం నేను చదవలేదు. ఆ ఏడాది జూలై 25న గ్రీన్స్‌బరో కొట్లో నల్లజాతివారికి వడ్డించడం మొదలైంది.

ఒకే పెట్టెలో పడిన నాణేలు అవి. న్యూయార్క్‌లో వాటితో పాలరాతి హాలు లేచింది, గ్రీన్స్‌బరోలో వాటిని వేసినవారికి స్టూలు దొరకలేదు. కాడ్మన్‌గారు బయట వీధిలో నిలబడి దీపాలు చూశారు. ఆయన చూసిన అందం నిజమైనదే. కాని ఒక కట్టడాన్ని కతీడ్రల్ అనాలంటే వీధిలోంచి శిఖరాన్ని చూడడం చాలదు. లోపలికి వెళ్ళి, కుర్చీ ఎక్కడ ఉంది, అందులో ఎవరున్నారు, ఎవరిని కూర్చోనిస్తున్నారు, ఎవరిని నిలబెడుతున్నారు అని చూడాలి. ఈ పరీక్ష వ్యాపారుల భవనాలకు మాత్రమే అని నేను అనుకోవడం లేదు. మన గుళ్ళలో ముందు వరుస బెంచీలు ఎవరివో, వర్షం వచ్చినప్పుడు వరండాలో నిలబడేవారు ఎవరో మీకు నేను చెప్పనక్కర లేదు.

భవనం కథ ఇంకా కొంచెం ఉంది. 1930లో దానికన్నా ఎత్తయినవి వచ్చాయి, కిరీటం పోయింది. దానికి ముందు పోటీపడిన సింగర్ భవనాన్ని 1967లో కూల్చడం మొదలుపెట్టి నేలమట్టం చేశారు. వుల్వర్త్ భవనం నిలిచింది గాని దాని మట్టి పలకలకు జబ్బు చేసింది. వాన నీరు లోపలికి దిగి, వెనకనున్న ఇనుము తుప్పుపట్టింది. పలకలు ఎండకూ చలికీ కదలడానికి తగిన ఖాళీలు వదలలేదు. దానితో బరువు మోయనక్కర లేని పలకల మీద కూడా బరువు పడి, అవి పగలడం మొదలైంది. 1977 నుండి 1981 వరకు మరమ్మతు చేసి సుమారు 26,000 పలకలను మార్చారు. వాటి చోట పెట్టినవి మట్టివి కావు, కాంక్రీటువి.

అమెరికాలోని అయిదు, పది సెంట్ల కొట్లను కంపెనీ 1997లో మూసివేసింది. మరుసటి సంవత్సరం భవనాన్ని అమ్మేసింది. పై అంతస్తులను తరువాతి కాలంలో ధనవంతుల నివాసాలుగా మార్చారు. కింది హాలు ఇప్పుడు వీధిన పోయేవారికి తెరిచి ఉండదు. చూడదలచినవారు టిక్కెట్టు కొని గైడు వెంట వెళ్ళాలి.

గ్రీన్స్‌బరోలోని ఆ కొట్టు 2010 ఫిబ్రవరి 1న పౌరహక్కుల మ్యూజియంగా తెరుచుకుంది. అక్కడి భోజనాల కౌంటరులో ఒక ముక్కను, నాలుగు స్టూళ్ళతో సహా, వాషింగ్టన్‌లోని జాతీయ చరిత్ర మ్యూజియంలో భద్రపరిచారు. ఆ మ్యూజియంలోకి ప్రవేశ రుసుము లేదు.